‘అమృతం’ నుంచి ‘డాక్టర్ హూ’ దాకా.. ఏళ్ల తరబడి నడిచిన సీరియల్ దారి ఎందుకు తప్పుతుంది?

ముఖ్యాంశాలు
• జెమినీ టీవీలో ఆరేళ్లు నవ్వించిన ‘అమృతం’.. 2014లో చందమామ మీదకు వెళ్లి తడబడింది
• 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ ఒకసారి ఆగింది, మళ్లీ లేచింది, మళ్లీ చిక్కుల్లో పడింది
• డబ్బు లేక ఆగిపోవడం వేరు, దారి తప్పడం వేరు
• ‘కల్కి’తో తెలుగులోనూ సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ల కాలం మొదలవుతున్న వేళ ఈ పాఠాలు మనకెందుకు?

పలమనేరు: బస్టాండ్‌లో బెంగళూరు బస్సు కోసం ఎదురుచూసే అరగంటలో చాలామంది చేసే పని ఒక్కటే. జేబులోంచి ఫోన్ తీసి ఏదో ఒక వీడియో పెట్టుకోవడం. ఆ వీడియోల్లో ఇరవై ఏళ్ల నాటి ‘అమృతం’ కూడా ఉంటుంది. అమృతరావు కొత్త ప్లాన్ వేస్తాడు. ఆంజనేయులు సరే అంటాడు. చివర్లో ఇద్దరూ బోర్లా పడతారు. ఎన్నిసార్లు చూసినా అదే నవ్వు.

అదే పేరుతో ఒక సినిమా కూడా వచ్చింది. అందులో అమృతం ఏకంగా చందమామ మీదకే వెళ్లాడు. మరి బస్టాండ్‌లో ఆ సినిమా పెట్టుకుని నవ్వుకునేవాళ్లు ఎంతమంది? వెతకాల్సిందే.

హోటల్లో కూర్చుని ఆరేళ్లు నవ్వించినవాడు చంద్రుడి మీదకు వెళ్లి ఎందుకు నవ్వించలేకపోయాడు? ఇది ఒక్క అమృతం కథే కాదు. అమెరికా ‘స్టార్ ట్రెక్’, బ్రిటన్ ‘డాక్టర్ హూ’.. ప్రపంచంలోనే పేరుమోసిన సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు కూడా ఇదే గుంతలో పడ్డాయి. ఎందుకిలా జరుగుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ‘అమృతం’లో ఏముంది?

2001 నవంబర్‌లో జెమినీ టీవీలో మొదలైంది ‘అమృతం’. గుణ్ణం గంగరాజు సృష్టి. ఆదివారం రాత్రి వచ్చేది. 2007 నవంబర్ దాకా, అంటే ఆరేళ్లు, 300కు పైగా ఎపిసోడ్లు నడిచింది.

కథ చెప్పాలంటే నాలుగు ముక్కలే. అమృతరావు, ఆంజనేయులు ఇద్దరు స్నేహితులు. వాళ్లకో హోటల్.. అమృత విలాస్. అక్కడ తిండి బాగుండదు. సర్వం అని ఒక అమాయకపు పనివాడు. అద్దె కోసం వెంటపడే ఇంటి ఓనర్ అప్పాజీ. ఎలాగైనా ఈ బతుకు నుంచి బయటపడాలని అమృతరావు ప్లాన్ వేయడం, అది తిరగబడటం. అంతే!

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. అమృతరావు పాత్ర వేసిన నటుడు ఒక్కరు కాదు, ముగ్గురు. మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. భార్య సంజీవిని పాత్రలోనూ నటీమణులు మారారు. మామూలుగా అయితే హీరో మారితే సీరియల్ పడిపోవాలి. ‘అమృతం’ పడలేదు. ఎందుకు?

ఎందుకంటే ఒకటి మారినప్పుడు మిగతావి కదల్లేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నారు. సర్వంగా వాసు ఇంటూరి, అప్పాజీగా శివన్నారాయణ ఉన్నారు. హోటల్ ఉంది, అద్దె బాకీ ఉంది. ముఖం మారినా మనిషి అమృతరావే అని జనం ఒప్పుకున్నారు.

ప్రతి సీరియల్‌కూ చూసేవాళ్లతో ఇలాంటి ఒక ఒప్పందం ఉంటుంది. ఎవరూ కాగితం మీద రాసుకోరు. కానీ ‘మీరు టీవీ ముందు కూర్చోండి, మేం మీకు ఇది ఇస్తాం’ అనే మాట మాత్రం ఉంటుంది. ‘అమృతం’ ఇచ్చిన మాట ఏంటంటే.. మీ వీధి చివర ఉండే లాంటి మనిషి, మీకుండే లాంటి అద్దె తిప్పలు, వాటిలోంచే నవ్వు.

చందమామ మీద ఏం జరిగింది?

2014 మేలో ‘అమృతం చందమామలో’ విడుదలైంది. దర్శకుడు స్వయంగా గంగరాజే. అమృతంగా అవసరాల శ్రీనివాస్, ఆంజనేయులుగా హరీశ్ నటించారు. అప్పాజీ, సర్వం పాత్రల్లో పాతవాళ్లే కనిపించారు. కానీ సినిమా అనుకున్నంత ఆడలేదు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఆలోచన చెడ్డది కాదు. ఆ ఏడాది మన ప్రాంతంలో చిన్నపిల్లలు కూడా అంతరిక్షం గురించే మాట్లాడుకుంటున్నారు. పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న బయల్దేరిన మంగళయాన్, ఈ సినిమా వచ్చే సమయానికి అంగారకుడి దారిలోనే ఉంది. 2014 సెప్టెంబర్ 24న అక్కడికి చేరింది కూడా. అలాంటి రోజుల్లో తెలుగువాడు చందమామ మీదకు వెళ్తే ఎలా ఉంటుందన్నది మంచి సరదా ఊహే.

మరి తేడా ఎక్కడ కొట్టింది? సీరియల్‌లో ఒక మేకు పీకితే మిగతా మేకులు పట్టుకున్నాయి. సినిమాలో మేకులన్నీ ఒకేసారి పీకేశారు. అమృతం ముఖం మారింది. ఆంజనేయులు ముఖం మారింది. వీధి పోయింది. పక్కింటివాళ్లు పోయారు. అరగంట కథ పెద్ద సినిమా అయ్యింది. చంద్రుడి మీద అద్దె కోసం తలుపు తట్టే శబ్దం వినిపించదు కదా! ఆ శబ్దంలోనే ఉంది అసలు కామెడీ అంతా.

ఆ తర్వాత 2020 ఉగాది నాడు, మార్చి 25న, జీ ఫైవ్‌లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. ఈసారి చందమామ లేదు. మళ్లీ నేల మీదకే వచ్చారు. హర్షవర్ధన్ తిరిగి అమృతం అయ్యారు. గుండు హనుమంతరావు 2018లో కన్నుమూయడంతో ఆంజనేయులు పాత్ర ఎల్బీ శ్రీరామ్ వేశారు. అంటే తీసినవాళ్లకు కూడా అర్థమైంది.. ఈ కథ ఇల్లు ఎక్కడో!

హైవే హోటల్ లెక్క

దీన్ని మన భాషలో చెప్పుకుందాం. చెన్నై-బెంగళూరు రోడ్డు పక్కన సంగటి, ఊరుబిండితో పేరు తెచ్చుకున్న హోటల్ ఒకటి ఉందనుకోండి. జనం పెరిగారు. ఓనర్ ఏసీ హాలు కట్టించాడు, మెనూలో నూడుల్స్, పిజ్జా చేర్చాడు. అందులో తప్పేం లేదు. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి సంగటి చేసే మనిషిని మాన్పించాడు. ఇక్కడ వచ్చింది తంటా. పాత గిరాకీకి సంగటి రుచి దొరకదు. కొత్త గిరాకీకి పిజ్జా బెంగళూరులో ఇంతకంటే బాగా దొరుకుతుంది. చివరికి రెంటికీ చెడ్డ రేవడి.

పెద్ద పెద్ద సైన్స్ ఫిక్షన్ సీరియళ్లకు జరిగింది కూడా దాదాపు ఇదే.

‘డాక్టర్ హూ’: అరవై ఏళ్ల కథ

ప్రపంచంలో ఎక్కువ కాలం నడిచిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఏదంటే ముందుగా చెప్పాల్సిన పేరు ఇదే. బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలైంది. హీరో పేరు ‘డాక్టర్’. గ్రహాంతరవాసి. పాతకాలం పోలీస్ ఫోన్ డబ్బా లాంటి టైమ్ మెషీన్‌లో తిరుగుతుంటాడు. బయటికి చూస్తే ఒక మనిషి పట్టేంత డబ్బా, లోపలికెళ్తే పెద్ద ఓడ. చేతిలో డబ్బుల్లేని రోజుల్లో పుట్టిన ఐడియా అది. అదే ఆ సీరియల్ గుర్తు అయిపోయింది.

1966లో హీరో విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింది. ఏం చేయాలి? ‘ఈ డాక్టర్ చనిపోయే పరిస్థితి వస్తే కొత్త శరీరంతో లేస్తాడు’ అని రాసేశారు. పాట్రిక్ ట్రౌటన్ కొత్త డాక్టర్ అయ్యారు. మన అమృతరావు ఏమీ చెప్పకుండా ముఖం మార్చుకున్నాడు, వాళ్లు కారణం చెప్పి మార్చారు. అంతే తేడా.

మరి ఇంత తెలివైన సీరియల్ ఎందుకు తడబడింది?

1980ల్లో రెండు దెబ్బలు పడ్డాయి. ఒకటి బయటి దెబ్బ. బీబీసీ పెద్దలకే దాని మీద నమ్మకం పోయింది. 1985లో 18 నెలలు పక్కన పెట్టారు. తర్వాత తిరిగొచ్చినా, బ్రిటన్‌లో అందరూ చూసే ‘కొరొనేషన్ స్ట్రీట్’ వచ్చే టైమ్‌లోనే దీన్నీ వేశారు. రెండోది లోపలి దెబ్బ. కథలు పాత కథల మీద ఆధారపడటం పెరిగింది. ఇరవై ఏళ్ల కిందటి విలన్ ఎవరో గుర్తుంటేనే ఈ వారం కథ అర్థమవుతుంది. వీరాభిమానులు చప్పట్లు కొట్టారు. కొత్తగా టీవీ పెట్టిన కుటుంబం మాత్రం చానల్ మార్చింది. 1989 డిసెంబర్ 6న సీరియల్ ఆగిపోయింది.

2005 మార్చి 26న తిరిగి మొదలుపెట్టినప్పుడు రచయిత రసెల్ టి. డేవిస్ చేసిన పని చూడండి. తొలి ఎపిసోడ్ పేరే ‘రోజ్’. లండన్‌లో బట్టల షాపులో పనిచేసే అమ్మాయి పేరు అది. తల్లితో కలిసి చిన్న ఫ్లాట్‌లో ఉంటుంది. కథంతా ఆమె కళ్లతోనే చూపించారు. డాక్టర్ ఎవరో ఆమెకు తెలియదు, చూసే మనకూ తెలియదు. పాత చరిత్ర ఒక్క ముక్క గుర్తుండక్కర్లేదు. కోటిమందికి పైగా చూశారు.

అదే సీరియల్ 2020 నాటికి మళ్లీ పాత చరిత్రలోకి తవ్వుకుంటూ వెళ్లింది. డాక్టర్ అసలు పుట్టుకనే మార్చేశారు. ఆ మార్పు బాగుందా లేదా అని అభిమానులు నేటికీ కొట్టుకుంటున్నారు. కొట్టుకునేది అభిమానులే. మామూలు ప్రేక్షకుడికి ఆ గొడవతో పనేముంది?

తర్వాత డిస్నీ వచ్చింది. 2023 నుంచి బ్రిటన్ బయట డిస్నీ ప్లస్‌లో ప్రసారం. తెర మీద ఖర్చు బాగా కనిపించింది. కానీ ఒకప్పుడు ఏడాదికి 13 మామూలు ఎపిసోడ్లు వచ్చే చోట సీజన్‌కు 8 మాత్రమే వచ్చాయి. ప్రపంచాన్ని కాపాడే పని మాత్రం తగ్గలేదు. తగ్గిందల్లా డాక్టర్, అతని తోడు వచ్చిన అమ్మాయి కూర్చుని మాట్లాడుకునే సమయం. 2025 అక్టోబర్‌లో డిస్నీ ఇక కొనసాగడం లేదని బీబీసీ ప్రకటించింది.

డబ్బు పెరిగింది, తీరిక తగ్గింది. ఈ ఒక్క మాటలో చాలా ఉంది.

‘స్టార్ ట్రెక్’: అలసిపోయిన వంటవాడు

‘స్టార్ ట్రెక్’ది ఇంకో రకం జబ్బు. 1966లో ఎన్‌బీసీలో మొదలైన తొలి సీరియల్ మూడేళ్లకే, 79 ఎపిసోడ్లకే ఆగిపోయింది. మూడో ఏడాది బడ్జెట్ కోశారు. శుక్రవారం రాత్రి 10 గంటలకు నెట్టారు. ఆ టైమ్‌లో కుర్రాళ్లు ఇంట్లో ఉంటారా? విచిత్రం ఏంటంటే, ఆగిపోయాక ఊరూరా మళ్లీ మళ్లీ వేసిన పాత ఎపిసోడ్లతోనే దానికి అసలు పేరు వచ్చింది.

1987లో ‘నెక్స్ట్ జనరేషన్’తో రెండో జీవితం మొదలైంది. అక్కడి నుంచి ఒకదాని తర్వాత ఒకటి.. ‘డీప్ స్పేస్ నైన్’, ‘వాయేజర్’, ‘ఎంటర్‌ప్రైజ్’. 2005 దాకా 18 ఏళ్లు విరామం లేకుండా, 600కు పైగా ఎపిసోడ్లు. పైన పెత్తనం చాలావరకు అదే బృందానిది. ఎంత మంచి వంటవాడైనా 18 ఏళ్లు సెలవు లేకుండా వండితే చేతికి రుచి తెలుస్తుందా?

1995లో మొదలైన ‘వాయేజర్’నే తీసుకోండి. ఐడియా అద్భుతం. ఒక అంతరిక్ష నౌక ఇంటికి 70 వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోతుంది. తిరిగి రావాలంటే ఒక జీవితకాలం పడుతుంది. సరుకులు ఉండవు, సాయం ఉండదు. వింటుంటేనే గుండె బరువెక్కుతుంది. కానీ తెర మీద ఏం జరిగింది? ఈ వారం దెబ్బతిన్న నౌక వచ్చే వారానికి తళతళ మెరుస్తూ ఉండేది. ఆకలి లేదు, అలసట లేదు. ఈ ధోరణి నచ్చక కొన్నాళ్లకే బయటికొచ్చిన రచయిత రోనాల్డ్ డి. మూర్, తర్వాత ‘బ్యాటిల్‌స్టార్ గలాక్టికా’లో నీళ్లు అయిపోవడం, మనుషులు తగ్గిపోవడం లాంటివే కథగా చేసి పేరు తెచ్చుకున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. ‘అమృతం’లో కూడా ప్రతి వారం అన్నీ మొదటికే వచ్చేవి కదా? నిజమే. కానీ అది నవ్వుల సీరియల్. అమృతరావు ఎప్పటికీ గెలవడు అన్నదే అక్కడ ఇచ్చిన మాట. ‘వాయేజర్’ ఇచ్చిన మాట వేరు.. ఇల్లు చేరడం కష్టం అని. కష్టం కనిపించకపోతే మాట తప్పినట్టే.

ఆగిపోవడం వేరు, దారి తప్పడం వేరు

ఇక మనవాళ్లందరికీ గుర్తున్న ‘శక్తిమాన్’. 1997 సెప్టెంబర్‌లో దూరదర్శన్‌లో మొదలై 2005 దాకా నడిచింది. యోగం, పంచభూతాలు, సైన్స్ ప్రయోగాలు కలిపి కట్టిన సూపర్ హీరో. యాంటెన్నా తిప్పుకుంటూ హిందీ రాకపోయినా చూసిన తరం ఇంకా మన మధ్యనే ఉంది.

అది ఎందుకు ఆగింది? ప్రసారం కోసం దూరదర్శన్‌కు కట్టాల్సిన ఫీజు పెరుగుతూ పోవడమే కారణమని ముకేశ్ ఖన్నా తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఇది వేరే సంగతి. కథ చెడిపోయి ఆగడం కాదు, లెక్క కుదరక ఆగడం.

అందుకే ఏ సీరియల్ గురించైనా ‘దారి తప్పింది’ అనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. కథ మారిందా? లేక టైమ్, డబ్బు, యాజమాన్యం మారాయా? తొలి ‘స్టార్ ట్రెక్’, ‘శక్తిమాన్’లను ఎక్కువగా దెబ్బతీసింది బయటి కారణాలే. ‘వాయేజర్’ది లోపలి జబ్బు. ‘డాక్టర్ హూ’కు రెండూ తగిలాయి.

దారి తప్పుతోందని ఎలా తెలుస్తుంది?

ఇవన్నీ చూశాక నాలుగు గుర్తులు కనిపిస్తాయి.

1. ప్రమాదం పెరుగుతూ పోతుంది. మొదట ఒక ఊరు, తర్వాత దేశం, భూమి, చివరికి విశ్వం. విశ్వం రెండుసార్లు పేలిపోబోయి ఆగాక, మూడోసారి ఎవరికీ భయం వేయదు. ఇంటి అద్దె మాత్రం ప్రతి నెలా భయపెడుతుంది.

2. కొత్తవాళ్లకు తలుపు మూసుకుపోతుంది. పాత సీజన్లన్నీ చూస్తే తప్ప అర్థం కాదు. పాతవాళ్లు ఏటా తగ్గుతారు, కొత్తవాళ్లు రారు.

3. చేసినదానికి ఫలితం ఉండదు. చనిపోయినవాడు తిరిగొస్తాడు, పగిలింది అతుక్కుంటుంది. కన్నీళ్లు పెట్టుకున్న ప్రేక్షకుడికి మోసపోయానన్న ఫీలింగ్ మిగులుతుంది.

4. మేకులన్నీ ఒకేసారి పీకేస్తారు. నటుడు, చోటు, స్వరం, నిడివి.. ఏదో ఒకటి మారిస్తే జనం సర్దుకుంటారు. అన్నీ మారిస్తే పేరు ఒక్కటే మిగులుతుంది.

మరి మనకెందుకు ఇదంతా?

తెలుగులో ఇప్పటిదాకా ఏళ్ల తరబడి నడిచిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ లేదనే చెప్పాలి. కానీ ఆ రోజులు మారేలా ఉన్నాయి. 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ మధ్యలోనే ఆగే కథ. రెండో భాగం రావాల్సి ఉంది. సినిమాకు ముందే ‘బుజ్జి అండ్ భైరవ’ పేరుతో చిన్న యానిమేషన్ సిరీస్ ఓటీటీలో వచ్చింది. అంటే ఒక సినిమాగా కాకుండా ఒక లోకంగా పెంచే ప్రయత్నం మొదలైంది. ‘డాక్టర్ హూ’, ‘స్టార్ ట్రెక్’ ఎదుర్కొన్న ప్రశ్నలన్నీ రేపు మనవాళ్లకూ ఎదురవుతాయి.

దీనికి జవాబు మన దగ్గరే ఒకటుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’. టైమ్ మెషీన్ అంటే ఏంటో ఊళ్లలో చాలామందికి తెలియని రోజులవి. మరి ఆ మెషీన్ ఎక్కడికి తీసుకెళ్లింది? శ్రీకృష్ణదేవరాయల కాలానికి. తెనాలి రామకృష్ణుడి దగ్గరకు. రాయలసీమలో పిల్లాడికి కూడా తెలిసిన చోటు అది. యంత్రం కొత్తది, మనుషులు తెలిసినవాళ్లు. అందుకే భవిష్యత్తులో 2504వ సంవత్సరానికి తీసుకెళ్లినా జనం వెంట వెళ్లారు. ముందు చెయ్యి పట్టుకున్నారు, తర్వాత దూరం తీసుకెళ్లారు.

కాబట్టి చందమామ మీదకు వెళ్లడం తప్పు కాదు. శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 కూడా 2023 ఆగస్టు 23న అక్కడ దిగింది. ఆ రోజు ఊరూరా టీవీల ముందు కూర్చున్న జనం చప్పట్లు కొట్టింది రాకెట్ ఎంత పెద్దదో చూసి కాదు. అది మనది కాబట్టి.

సీరియల్ అయినా అంతే. ఎంత దూరమైనా వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు మనల్ని బస్టాండ్‌లోనే వదిలేసి వెళ్లకూడదు. అమృతం చందమామ మీదకు వెళ్తూ అద్దె బాకీని, ఆ వీధిని కూడా వెంట తీసుకెళ్లి ఉంటే.. ఈరోజు పలమనేరు బస్టాండ్‌లో ఎవరి ఫోన్‌లోనో ఆ సినిమా కూడా నడుస్తూ ఉండేదేమో!